ఎవరూ అడగని గుట్ట

శిలాఫలకాన్ని అందరూ పైనుంచి కిందికి చదువుతారు. నేను కిందనుంచి పైకి చదువుతాను. పైన పెద్ద అక్షరాల్లో ఉండే పేర్లు ఎన్నికలకోసారి మారిపోతుంటాయి కాబట్టి వాటి మీద నాకు పెద్ద మోజు లేదు. అడుగున, రాయి అంచుకి నాలుగు వేళ్ళ ఎత్తులో, చిన్న అక్షరాల్లో ఒక పేరుంటుంది. దాత అనో, కాంట్రాక్టర్ అనో, చైర్మన్ అనో దాని పక్కన రాయిస్తారు. నాయకులు తమ వెనక నిలబడ్డ డబ్బున్నవాళ్ళకి తిరిగి ఏమైనా చేస్తారా అని టీవీలో గంటలకొద్దీ వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. వాళ్ళలో ఒక్కరు మా షెడ్డుకొచ్చి ఓ పూట కూర్చుంటే చాలు.

మా షెడ్డు నరసరావుపేట నుంచి మాచర్ల పోయే దారిలో ఉంది. ఊరి పేరు చెప్పను, చెబితే ఇందులో ఉన్నవాళ్ళంతా తెలిసిపోతారు. మా మామయ్య చిన్నతనంలో దుర్గిలో శిల్పుల దగ్గర ఉండి పని నేర్చుకున్నాడు. నందులు, నాగప్రతిమలు, అమ్మవార్లు ఆయన చేస్తాడు. ఆయన కొడుకు, అంటే మా ఆయన, శిలాఫలకాల మీద అక్షరాలు చెక్కుతాడు. చెక్కే ముందు వాటిని కుంచెతో రాతి మీద రాసేది నేను. పెళ్ళయి వచ్చిన కొత్తలో పాలవాడి కోసం గోడ మీద రాసిన నా చేతిరాత చూసి మామయ్య కుంచె చేతిలో పెట్టాడు. ఇప్పటిదాకా తిరిగి అడగలేదు.

ఇప్పుడు పేటలో కంప్యూటర్‌తో అక్షరాలు కోసే మిషన్లు వచ్చాయి. అయినా మా దగ్గరికి వస్తారు. మా అక్షరాల మీద ప్రేమ అనుకునేరు, అదేం కాదు. రేపు ప్రారంభోత్సవం అని వాళ్ళకి ఈరోజు గుర్తొస్తుంది, అంత తొందరగా చేసేది మేమే. పేర్ల వరసతో ఒక కాగితం ఇస్తారు. దాన్ని ప్రోటోకాల్ అంటారు. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక, ఎవరి అక్షరం ఎంత ఎత్తు, అంతా అందులో ఉంటుంది. ఒకసారి ఒక జెడ్పీటీసీ గారి అనుచరుడు స్కేలు తెచ్చుకుని మరీ కొలిచాడు. వాళ్ళ నాయకుడి పేరు పక్కవాడి పేరుకంటే వెంట్రుకవాసి చిన్నదైందని అలిగి కూర్చుంటే, టీ తాగించి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

వేసవి మధ్యాహ్నాలు నాకిష్టం. అందరూ తిట్టుకునే ఎండ నాకు జోలపాట. రేకుల సందుల్లోంచి దిగే వెలుగులో రాతిపొడి తేలుతూ ఉంటుంది. ఉలి చప్పుడు ఒకే వరసలో వినిపిస్తుంటే సగం నిద్ర, సగం మెలకువ. చెయ్యి మాత్రం రాస్తూనే ఉంటుంది. 'గౌరవనీయులు' అనే మాటని నేను కళ్ళు మూసుకుని కూడా రాయగలను. అలాంటి వేళల్లో షెడ్డు వెనక ఉన్న గుట్ట కాస్త దగ్గరికి జరిగి మా పని చూస్తున్నట్టు ఉండేది. ఎండకి దాని అంచులు కదిలేవి. నేను కుంచె పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయేదాన్ని. 'ఏమే, గుట్టకి కూడా పేరు రాస్తావా' అని మా ఆయన వెక్కిరించేవాడు.

శిలాఫలకాల పలకలు బయటినుంచి కొంటాం, అవి నున్నగా తయారై వస్తాయి. విగ్రహాల రాయి మాత్రం ఆ గుట్టదే. నెలకోసారి పొద్దున్నే, ఇంకా చల్లగా ఉండగానే మామయ్య సుత్తి తీసుకుని గుట్టెక్కేవాడు. నన్ను తోడు రమ్మనేవాడు. ఆయన ఏ రాయినీ కళ్ళతో ఎంచడు. సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఒగ్గి, కాసేపు ఆగుతాడు. లోపల పగులు లేని రాయి పలుకుతుంది. ఆ పలుకు సన్నగా బయల్దేరి గాలిలో కొంతదూరం పోయి ఆగుతుంది. పగులున్న రాయి తట్టినచోటే మూగగా ఊరుకుంటుంది. ఒక్కోరోజు ముప్పై, నలభై రాళ్ళు తట్టినా ఒక్కటీ నచ్చక ఖాళీ చేతులతో దిగేవాళ్ళం. నాకు ఆ ఖాళీ చేతుల రోజులే ఎక్కువ గుర్తున్నాయి. గుట్ట మీద పొద్దు, కింద పత్తిచేలు, మామయ్య తట్టడం, ఆగడం. మేం దిగొచ్చాక కూడా ఆ పలుకు నా చెవిలో మిగిలి ఉండేది, అన్నం వండుతూ వింటూ ఉండేదాన్ని.

గుట్ట ఎవరిదీ కాదు. ప్రభుత్వానిదని చెప్పేవాళ్ళు. మామయ్య లాంటి పనివాళ్ళు ఐదారుగురు ఏళ్ళ తరబడి అక్కడే రాయి తెచ్చుకున్నారు, ఒక్కరి దగ్గరా ముక్క కాగితం లేదు. కాగితం కావాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

అడుగున రాసే పేరు సంగతి నాకు ఎలా పట్టుబడిందో చెప్పాలి. కార్యక్రమం రద్దయిపోయో, మంత్రి మారిపోయో ఒక్కోసారి చెక్కిన పలక మా దగ్గరే ఉండిపోతుంది. పారేయడానికి మనసొప్పదు. వెనకవైపు నున్న చేసి ఇంకో ఆర్డర్‌కి వాడతాం. అలా ఒకసారి పాత పలకని తిప్పి కొత్తది రాశాను. రాయడం అయ్యాక రెండువైపులా చూశాను. పైన నాయకుడి పేరు ఇటు ఒకటి, అటు ఒకటి. ఇద్దరికీ క్షణం పడదు, ఒకరి మీద ఒకరు కేసులు కూడా పెట్టుకున్నారు. అడుగున పేరు మాత్రం రెండువైపులా ఒకటే. మొదట్లో దాత, ఈసారి చైర్మన్. పలకకి ముందు వెనకలు మారాయి గానీ ఆయన అడుగునే స్థిరంగా కూర్చున్నాడు. ఆ రోజు నేను చానాసేపు నవ్వాను. మా ఆయనకి చూపిస్తే, 'మనకెందుకే, అక్షరాలు ఆరనీ' అన్నాడు.

ఆ పేరుగల మనిషి నాకు బాగా తెలుసు. పేటలో పత్తి జిన్నింగ్ మిల్లులు, లారీలు ఉన్న ఆసామి. ఆయన చెడ్డవాడే అయ్యుంటే నా కథ సులువైపోయేది. వాళ్ళమ్మ పోయినప్పుడు సమాధి రాయి రాయించుకోవడానికి స్వయంగా వచ్చాడు. మనుషుల్ని పంపలేదు. రాతిపొడిలోనే చతికిలబడి, నేను వాళ్ళమ్మ పేరు రాస్తున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాడు. చివరి అక్షరం అయ్యాక కళ్ళు తుడుచుకుని, 'ఇంత అందంగా మా అమ్మ పేరు ఎవరూ రాయలా చెల్లెమ్మా' అన్నాడు. అప్పటినుంచి నేను చెల్లెమ్మని, మామయ్య బాబాయి. మామయ్యకి కంట్లో పొర వచ్చినప్పుడు కారు పంపి, ఆపరేషన్ చేయించి, ఇంటి దగ్గర దింపించాడు. ఆయనంటే నాకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే, అదే నా బాధ.

ఎన్నికలొచ్చాయి. ఆయన ఒక నాయకుడి వెనక నిలబడ్డాడు. లారీలిచ్చాడు, మిల్లు ఆవరణలో పందిళ్ళు వేయించాడు, నెలరోజులు అక్కడ పొయ్యి ఆరలేదు. ఊరూరా గోడల మీద రాతలకి నన్ను పిలిచాడు. నేను కూలి తీసుకోలేదు. ప్రేమతో అని చెప్పుకున్నాను గానీ నిజం చెప్పాలంటే నాకూ ఒక లెక్క ఉంది. ఈ నాయకుడు గెలిస్తే గుట్ట సంగతి అడగొచ్చు, పనివాళ్ళకి ఒక మూల రాయించుకోవచ్చు అనుకున్నాను. అప్పటికే చుట్టుపక్కల గుట్టల మీదికి కంకర కొట్టే క్రషర్లు వస్తున్నాయి, మాకు లోపల బెదురుగా ఉంది. అచ్చంపేట దాకా తిరిగి గోడలు రాశాను. మిల్లు ఆసామి ఒక చివర, నేను ఇంకో చివర అదే పని చేశామని నాకు చానా రోజుల తర్వాత గానీ తట్టలేదు.

నాయకుడు గెలిచాడు. మామయ్య అప్పుడు ఒక నంది చెక్కాడు. మోకాలెత్తు నంది. అలాంటిది ఆయన చేతిలో అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. మెడలో గంటల పట్టెడ కింద చర్మం మడత పడినచోట వేలు పెట్టి చూస్తే మెత్తగా ఉందనిపించేది. నాయకుడికి ఇద్దామని, గుట్ట సంగతి చెప్పుకుందామని ఇద్దరం ఆటోలో పెట్టుకుని ఆయన ఆఫీసుకి పోయాం. జనం బాగా ఉన్నారు. అయినా ఆయన నందిని చూసి ఆగాడు. వంగి, దాని మూపురం నిమిరాడు. మామయ్య చెయ్యి పట్టుకుని ఫోటో దిగాడు. తర్వాత అడిగాడు కూడా.

'పెద్దాయనా, ఇంత పని చేసి తెచ్చారు. మీకేం కావాలో చెప్పండి.'

మామయ్య చేతులు జోడించాడు.

'ఏమీ వద్దు బాబూ. మీరు చల్లగా ఉంటే చాలు.'

అంతే. నాయకుడు నవ్వి, భుజం తట్టి, పక్కవాళ్ళ వైపు తిరిగాడు. నేను నోరు తెరిచేసరికి మధ్యలోకి నలుగురు వచ్చేశారు.

ఆటోలో నేను ఊరుకోలేదు. మా మామయ్యతో నేను గొంతు పెంచి మాట్లాడింది ఆ ఒక్కసారే.

'అడిగాడు గదా మామయ్యా. నోటితో అడిగాడు గదా. చెప్పడానికేం?'

'ఇచ్చిన చేత్తోనే అడిగితే బేరమవుద్దమ్మాయ్. నంది బేరానికి చేసింది కాదు. ఓ నెల పోనీ, మళ్ళీ పోయి అడుగుదాం.'

'నెలకి ఆయనకి మనం గుర్తుంటామా?'

'నంది గుర్తుంటది గదా' అన్నాడు.

మా వాళ్ళ పద్ధతి అది. పెళ్ళికి చదివింపులు చదివించి ఆ రోజే చేబదులు అడగరు. చెట్టు కొత్త కాపు పంచిన ఇంటికి ఆ వారంలో పనిమీద పోరు. మామయ్య ఆ మర్యాదని ఆఫీసు వరండాలోకి కూడా తీసుకుపోయాడు. కోపం చల్లారాక నేనూ సమాధానపడ్డాను. ఆ నెలంతా కలల్లోనే బతికాను. గుట్ట చుట్టూ రాళ్ళు పాతినట్టు, దాని మొదట్లో ఒక చిన్న పలక మీద పనివాళ్ళ పేర్లు నేనే రాస్తున్నట్టు. ఆ పలకకి పైనా కిందా లేవు, అక్షరాలన్నీ ఒకే ఎత్తు. మధ్యాహ్నం వేళ ఎవరి పేరో రాస్తూ రాస్తూ ఆ కలలోకి జారిపోయేదాన్ని.

నెల నిండాక పోయాం. నంది వరండాలో ఓ మూల ఉంది. ఎవరో దాని కొమ్ముకి టిఫిన్ బ్యాగు తగిలించారు. నాయకుడు ఊళ్ళో లేడు. అర్జీ ఇచ్చి పొమ్మన్నారు, ఇచ్చాం. తీసుకున్నతను చదివి మా మొహాలు చూశాడు.

'ఈ గుట్టా? ఇది లీజుకి పోయింది గదమ్మా. పోయిన వారమే. ఏంది, మీకు తెలవదా?'

ఎవరికి అని నేను అడగలేదు. అడుగున రాసే పేరు ఏదో నాకు తెలుసు.

అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. నోటీసు అంటించారట, వేలం పెట్టారట, వచ్చింది ఆయనొక్కడేనట. నోటీసు అంటించిన గోడ మేం రోజూ పోయే దారిలో లేదు. వరండా దాటేటప్పుడు మామయ్య వెనక్కి పోయి నంది కొమ్ముకున్న బ్యాగు తీసి కింద పెట్టి వచ్చాడు.

వారం తిరక్కుండానే మిల్లు ఆసామి మా షెడ్డుకి వచ్చాడు. క్రషర్ ప్రారంభోత్సవం, శిలాఫలకం కావాలి. ఎప్పటిలాగే పొడిలో చతికిలబడ్డాడు.

'నీ చేత్తోనే రాయాలి చెల్లెమ్మా. నువ్వు రాసింది నాకు కలిసొస్తది.'

నాకు ఒళ్ళు మండింది. కుంచె కింద పెట్టేశాను.

'అన్నయ్యా, గుట్ట కావాలని మీరు ఆయన్ని అడిగారా?'

ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యంలో అబద్ధం లేదు.

'అడగలా. మా అమ్మ మీద ఒట్టు. ఓరోజు భోంచేస్తా ఆయనే అన్నాడు, ఆ గుట్ట ఊరికే పడుంది గదా, చూసుకోరాదా అని. నేనేం అడగలా.'

'మేమూ అడగలేదు' అన్నాను.

'ఏంది చెల్లెమ్మా?'

'ఏం లేదులే అన్నయ్యా.'

ఆయన నిజమే చెప్పాడు. అడగాల్సిన పని ఆయనకి రాలేదు. మామయ్యని నాయకుడు నోరారా అడిగినా చేతికి ఏమీ రాలేదు. ఇద్దరి మర్యాదా ఒకటే. ఒకరి పక్కన కూర్చుని నాయకుడు అన్నం తింటాడు, ఇంకొకరితో ఫోటో దిగుతాడు. ఇన్నేళ్ళూ అడుగు పేరు చూసి అదేదో బేరం అనుకున్నాను. లంచం అయితే ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. ఇష్టంగా కలిసి తిన్న అన్నాన్ని ఎవరు పట్టుకుంటారు?

పక్కనే పని చేసుకుంటూ వింటున్న మామయ్య అప్పుడు నోరు విప్పాడు. నూజెండ్ల అవతల ఒక ఊరివాళ్ళకి అమ్మవారి విగ్రహం చేసిస్తానని మాటిచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఇదే ఆఖరుదని మాతో చెబుతూ ఉండేవాడు. దానికి రాయి కావాలి.

'ఓ మూల వదిలిపెడితే మా తంటాలు మేం పడతాం బాబూ' అన్నాడు.

'వదిలేదేంది బాబాయ్? నువ్వు ఎండలో గుట్టెక్కడమేంది? నీకు కావాల్సిన రాయి నా లారీలో నీ గుమ్మం ముందు దింపిస్తా. పై వయసులో సుఖపడు.'

'కాగితం మీద రాసివ్వండి అన్నయ్యా' అన్నాను నేను.

ఆయన నొచ్చుకున్నాడు. 'నీకూ నాకూ మధ్య కాగితమేంది' అన్నాడు. మామయ్య నన్ను కళ్ళతోనే ఊరుకోమన్నాడు. నేను మళ్ళీ కుంచె అందుకున్నాను.

ఆ శిలాఫలకం వంకరగా రాయాలని కూర్చున్నాను. నిజంగానే అనుకున్నాను. మధ్యాహ్నం, అదే వెలుగు, అదే పొడి. వెనక గుట్ట. చెయ్యి తన దారిన తను పోయింది. సిగ్గులేని చెయ్యి, అంతకుముందెన్నడూ లేనంత అందంగా రాసింది.

తర్వాత రోజూ మధ్యాహ్నం మందుగుండు పేలేది. షెడ్డు రేకులు అదిరేవి. నా సగం నిద్ర పోయింది. ఇప్పుడు రాస్తుంటే పూర్తిగా మెలకువగా ఉంటాను. క్రషర్ పొడి వేరే. మా పొడి తెల్లగా నేల మీద కూర్చునేది, అది బూడిద రంగులో గాలిలోనే ఉండిపోతుంది. అందులోంచి గుట్ట కనిపించీ కనిపించకుండా, ఎవరో వెనక్కి నడుచుకుంటూ పోతున్నట్టు ఉంటుంది.

అమ్మవారి విగ్రహానికి మామయ్య లారీ కోసం ఆగకుండా గుట్ట కిందనుంచి ఒక రాయి తెచ్చుకున్నాడు. పలికిందనే అనుకున్నాడు. వయసుకి చెవి మోసం చేసిందో, పేలుళ్ళకి రాయి లోపల చిట్లిందో. నలభై రోజులు చెక్కాక, ఇక అమ్మవారికి కళ్ళు చెక్కే ముందు, ఎడమ రెప్ప దగ్గరనుంచి గడ్డం దాకా సన్నటి గీత దిగింది. పగులున్న అమ్మవారిని గుళ్ళో నిలబెట్టరు. మామయ్య ఆ మొహం మీద తడిగుడ్డ కప్పి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ సంగతి ఎవరు చేరవేశారో, మిల్లు ఆసామి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. మాట తప్పే మనిషి కాదు.

లారీ నిండా రాయి. మందుగుండుతో పేల్చిన రాయి. షెడ్డు ముందంతా దింపి పోయారు. మామయ్య సుత్తి తీసుకుని వచ్చాడు. మొదటి రాయి తట్టి, చెవి ఒగ్గి, ఆగాడు. రెండోది. మూడోది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్కో రాయి దగ్గరా అంతే శ్రద్ధగా, ఇదైనా పలుకుతుందేమో అన్నట్టు ఆగేవాడు. ఎండెక్కింది, వంగింది. నీళ్ళిస్తే తాగాడు గానీ ఆపలేదు. సాయంత్రానికి చివరి రాయి కూడా తట్టాడు. ఒక్కటీ పలకలేదు. గుట్ట మీంచి ఖాళీ చేతులతో దిగిన రోజుల్లో మళ్ళీ వచ్చే నెల ఉండేది. ఇప్పుడు లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

'ఆయనకి ఫోన్ చెయ్యమ్మాయ్. రాయి బాగుందని చెప్పు.'

'బాగాలేదు గదా మామయ్యా.'

'నాకు తెలుసులే. అంత పనిలో ఉండి గుర్తుపెట్టుకుని పంపాడు. బాధపడతాడు. చెప్పు.'

ఉన్నమాట చెప్పేద్దామనే ఫోన్ తీశాను. మొదటి రింగుకే ఎత్తాడు. ఆయన గొంతులో నిజంగా ఆత్రం ఉంది.

'చెల్లెమ్మా, రాయి దించారా? బాబాయికి నచ్చిందా?'

మామయ్య నా మొహమే చూస్తున్నాడు.

'నచ్చింది అన్నయ్యా' అన్నాను.

'అమ్మయ్య. అయితే శుక్రవారం ఇంకో లోడు పంపిస్తా. మొహమాటపడొద్దని చెప్పు.'

ఫోన్ పెట్టేశాను. ఏమన్నాడని మామయ్య అడిగాడు. ఇంకో లోడు పంపిస్తాడంట అన్నాను. ఆయన తలూపి, మెల్లగా లేచి షెడ్డులోకి పోయాడు. తను రోజూ కూర్చుని పని చేసే చోట పరిచిన గోనెపట్టా దులిపి, మడిచి, ఉలులు సంచిలో వేసి గోడవారకి జరిపాడు. శుక్రవారం రాయి అక్కడ దింపించమన్నాడు.